బాల్‌విడర్ పాత చర్చి, సమాధుల తోట: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ళు శనివారం పూట కారు తీసుకుని ఉత్తరం వైపు కొండల్లోకి వెళ్తుంటారు. దారిలో "రాబ్ రాయ్ సమాధి" అన్న బోర్డు కనిపిస్తే (మూడు వందల ఏళ్ళ కిందటి పేరుమోసిన కొండప్రాంతపు మనిషి) ఒక మలుపు తిరిగి బాల్‌విడర్ అనే పల్లెకు వచ్చి, సమాధి చుట్టూ ఉన్న రెలింగు ముందు నిలబడి ఫోటో తీసుకుని, పది నిమిషాల్లో బయల్దేరిపోతారు. మొదటిసారి నేనూ అలాగే వచ్చేశాను. పక్కనే ఉన్న చర్చి తలుపు తీసే ఉన్నా లోపలికి తొంగి కూడా చూడలేదు. తర్వాత వెళ్ళినప్పుడే తెలిసింది, ఆ ఊరి ప్రాణం లాంటి రాయి లోపలే ఉందని. అప్పటి నుంచి వెళ్ళేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలనూ, నాకు తెలిసిన జవాబులనూ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఈ ఊరు ఎక్కడుంది? పేరు ఎలా పలకాలి?

స్కాట్లండ్ నడిమి భాగంలో, పాత పెర్త్‌షైర్ జిల్లాలో ఉంది. ఇప్పుడు స్టిర్లింగ్ కౌన్సిల్ కిందికి వస్తుంది. 2002లో ఏర్పడిన లోఖ్ లోమండ్, ట్రోసాక్స్ నేషనల్ పార్కు హద్దుల్లోనే ఉంది. లోఖ్ అంటే సరస్సు. లోఖ్ వోయిల్ అనే సన్నటి పొడుగాటి సరస్సు తూర్పు కొసన, కొండ వాలు మీద ఈ చర్చి కనిపిస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలు చూసి చాలామంది "బాల్‌క్విడర్" అంటారు. అక్కడివాళ్ళు "బాల్‌విడర్" అంటారు, "వి" మీద ఒత్తు పెట్టి. పాత స్కాట్స్ (ఇంగ్లీషుకు దగ్గరగా ఉండే స్కాట్లండ్ భాష) రాతలో ఆ క్యూ అక్షరం గాలి కలిసిన "వ" శబ్దానికి గుర్తు.

ఊరు చూస్తే పది ఇళ్ళు కూడా లేవు. ఇంత చిన్నచోట అన్ని చర్చిలెందుకు?

అన్నీ ఒకే కాలంవి కావు. ఒకే నేల మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మొదటిది మధ్యయుగాల నాటి చిన్న చర్చి. కొండప్రాంతాల పాత భాష గేలిక్‌లో దాని పేరుకు అర్థం కూడా "చిన్న చర్చి" అనే. ఇప్పుడు దాని పునాది జాడలు తప్ప ఏమీ మిగల్లేదు. రెండోది 1631లో లార్డ్ స్కోన్ కట్టించినది. కప్పు లేకుండా, సమాధుల మధ్య గోడలతో నిలబడి ఉన్నది అదే. మూడోది ఇప్పుడు వాడుకలో ఉన్న చర్చి, 1850ల్లో కట్టారు. డేవిడ్ కార్నెగీ అనే భూస్వామి డబ్బిచ్చాడు, ఎడిన్‌బరో వాస్తుశిల్పి డేవిడ్ బ్రైస్ నమూనా గీశాడు. కార్నెగీకి స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో చక్కెర, బీరు ఫ్యాక్టరీలు ఉండేవి. ఆ డబ్బుతోనే సరస్సు పక్కన స్ట్రోన్‌వార్ ఎస్టేటు కొన్నాడు.

ఊరు చిన్నదే, పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం, మాత్రం చాలా పెద్దది. లోఖ్ వోయిల్, లోఖ్ డోయిన్, స్ట్రాథయర్ లోయ, లోఖ్ ఎర్న్ పడమటి కొస వరకూ ఉన్న పల్లెలన్నిటికీ ఇదే చర్చి. లోయ చివరి ఇంట్లో ఎవరైనా చనిపోతే సరస్సు పొడుగునా శవాన్ని మోసుకుని ఇక్కడికే రావాలి. సమాధుల తోట ఊరికి మించి ఉండటానికి కారణం అదే.

సెయింట్ ఆంగస్ ఎవరు? ఆయన రాయి కథ ఏమిటి?

ఇంకేమీ చూడకపోయినా ఫరవాలేదు, ఈ రాయిని మాత్రం చూసిరండి.

ఆంగస్ ఈ లోయకు క్రైస్తవాన్ని తెచ్చిన సన్యాసి అని ఊరి నమ్మకం. తూర్పు నుంచి నడిచి వస్తూ ఒక మలుపులో లోయ మొత్తం కనిపించేసరికి, అక్కడే మోకరించి దాన్ని దీవించాడంటారు. ఆ చోటికి గేలిక్‌లో "ఆంగస్ దీవెన" అనే పేరుంది. అటుగా వెళ్ళేవాళ్ళు టోపీ తీసి నమస్కరించేవాళ్ళట.

ఆయన సమాధి మీద పరిచారని చెప్పే రాతి పలక ఇప్పుడు చర్చి లోపల గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. పొడవాటి అంగీ తొడిగి, రెండు చేతులతో ప్రభువు బల్ల గిన్నె పట్టుకున్న బోధకుడి రూపం దాని మీద చెక్కి ఉంది. పనితనం నాజూకైనది కాదు. ముఖం అరిగిపోయింది. అరిగిందంటే వాన వల్ల మాత్రమే కాదు. పాత చర్చిలో ఈ పలక నేల మీదే ఉండేది. పెళ్ళి జంటలు దీని మీద నిలబడే ప్రమాణాలు చేసేవాళ్ళు. బిడ్డలకు బాప్తిస్మం దీని మీదే ఇప్పించుకునేవాళ్ళు. ఈ రాయి మీద కాలు మోపకపోతే పెళ్ళి పెళ్ళిలా అనిపించేది కాదు వాళ్ళకు.

1560లో స్కాట్లండ్ ప్రొటెస్టెంటు దేశమైంది. పరిశుద్ధుల సమాధుల్ని, శేషాలను గౌరవించడం మూఢనమ్మకమని కొత్త చర్చి బోధించింది. అయినా ఇక్కడి జనం ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా ఈ రాయిని వదల్లేదు. చివరికి 1800 ప్రాంతంలో, ఈ అలవాటు మాన్పించాలని రాయినే పెకలించి బయట సమాధుల్లో పడేశారు. వందేళ్ళకు పైగా వానలో, మంచులో అక్కడే ఉంది. 1917లో మళ్ళీ లోపలికి తెచ్చారు. యుద్ధం నడుస్తున్న సంవత్సరమది. లోయలోని కుర్రాళ్ళు ఫ్రాన్సు మట్టిలో చనిపోతున్న రోజుల్లో పాత రాయిని ఇంట్లోకి తెచ్చుకోవాలని ఈ ఊరికి అనిపించడం నా మనసులో నాటుకుపోయింది. అది కాకతాళీయం కూడా కావచ్చు. నాకు మాత్రం కాదనే అనిపిస్తుంది.

రాబ్ రాయ్ నిజంగా ఇక్కడే ఉన్నాడా?

ఉన్నాడు. రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ 1671లో లోఖ్ కాట్రిన్ కొసన ఉన్న గ్లెన్‌గైల్‌లో పుట్టాడు. పశువుల వ్యాపారి. అప్పుల్లో పడ్డాక మాంట్రోజ్ డ్యూకుతో వైరం ముదిరి, చట్టానికి దొరక్కుండా తిరిగాడు. పశువుల్ని తోలుకుపోవడం, డబ్బు తీసుకుని పశువులకు కాపలా కాయడం, ఈ రెండూ ఆ కొండల్లో పక్కపక్కనే నడిచిన పనులు. మన జానపద కథల్లోని "ఉన్నోణ్ణి కొట్టి లేనోడికి పెట్టే దొంగ" పోలికలు ఆయన మీద తర్వాత చేరినవే. బతికుండగా ఆయన అంతకన్నా చిక్కైన మనిషి.

1734 డిసెంబరు 28న, లోయ పడమటి చివర ఇన్వర్‌లోఖ్‌లారిగ్‌లో తన ఇంట్లోనే, మంచం మీద చనిపోయాడు. ఒక పాత విరోధి చూడటానికి వచ్చాడని తెలిసి, "నన్ను పడుకుని ఉండగా చూడకూడదు" అంటూ దుస్తులూ కత్తీ వేయించుకుని కూర్చున్నాడని చెప్పుకుంటారు. అతను వెళ్ళాక "ఇక తిరిగి రాను" అనే గేలిక్ పాట బ్యాగ్‌పైపు మీద వాయించమన్నాడట. ఇది నోటిమాటగా వచ్చిన కథ. పాతిపెట్టింది మాత్రం 1735 జనవరి 1న, ఈ తోటలోనే.

రెలింగు లోపల వరసగా మూడు పలకలుంటాయి. ఒకటి రాబ్ రాయ్‌ది, మిగతావి భార్య మేరీవి, కొడుకులు కోల్, రాబిన్ ఓయిగ్‌లవి. అందరూ గమనించని సంగతి ఒకటుంది. రాబ్ రాయ్ పలక ఆయన కోసం చెక్కినది కాదు. కత్తి, మోటుగా చెక్కిన మనిషి ఆకారం ఉన్న ఆ రాయి ఆయన పుట్టకముందు ఎన్నో వందల ఏళ్ళ నాటిది. పాత సమాధి రాయిని తిరిగి వాడుకోవడం కొండప్రాంతాల్లో మామూలే. అంటే ఆ రాయి కింద మొదట పడుకున్న మనిషి ఇంకెవరో.

భార్య పేరు హెలెన్ అని చాలాచోట్ల చదువుతారు. అది 1817లో వాల్టర్ స్కాట్ రాసిన నవల పెట్టిన పేరు. అసలు పేరు మేరీ.

ఆ కొడుకు రాబిన్‌ను ఉరి తీశారట కదా?

అవును, 1754లో ఎడిన్‌బరోలో. ఒక యువ వితంతువును ఎత్తుకెళ్ళి బలవంతంగా పెళ్ళి చేసుకున్న నేరానికి. అంతకు ముందు 1736లో, కుర్రవాడుగా ఉండగానే, పొలం దున్నుకుంటున్న జాన్ మెక్‌లారెన్‌ను తుపాకీతో కాల్చి చంపాడు. ఉరి తర్వాత శవాన్ని అంత దూరం నుంచి ఈ తోటకు తెచ్చారు. మెక్‌లారెన్ల సమాధులూ ఇదే తోటలో ఉన్నాయి. ఆ వంశానికీ మెక్‌గ్రెగర్లకూ తరతరాల పగ. ఇప్పుడు రెండు కుటుంబాలకూ మధ్య ఉన్నది నాలుగైదు అడుగుల గడ్డి.

సమాధి రాయి మీద "మెక్‌గ్రెగర్, వాళ్ళు ఏం చేసినా సరే" అన్నట్టు రాసి ఉంది. ఎవరు వాళ్ళు?

ఆ పేరునే చెరిపేయాలని చూసినవాళ్ళు. 1603లో గ్లెన్ ఫ్రూయిన్ పోరాటంలో మెక్‌గ్రెగర్లు కొల్‌హౌన్ వంశం మనుషుల్ని పెద్దసంఖ్యలో చంపారు. దానికి రాజు వేసిన శిక్ష ఆ ఇంటిపేరే ఎవరూ పెట్టుకోకూడదని. పెట్టుకుంటే ప్రాణం పోతుంది. మన ఇంటిపేరు చెబితే చాలు పట్టుకుపోతారని ఊహించుకోండి. జనం కాంప్‌బెల్, డ్రమండ్, మర్రే అని పక్కవాళ్ళ పేర్లు పెట్టుకుని బతికారు. రాబ్ రాయ్ కూడా తల్లి వైపు పేరైన కాంప్‌బెల్‌తో సంతకం చేశాడు. 1661లో నిషేధం ఎత్తేశారు, 1693లో మళ్ళీ పెట్టారు, పూర్తిగా పోయింది 1774లో. రాబ్ రాయ్ చనిపోయిన నలభై ఏళ్ళకు. ఆ రాయి మీద పేరు అంత పెద్దగా ఉండటంలో ఇదంతా ఉంది.

చర్చిలో తెగిన తల మీద ప్రమాణం చేశారన్నది నిజమా?

నిజమే, ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కిన సంగతి. 1589లో గ్లెన్ ఆర్ట్నీ రాజు అడవికి కాపలాదారుగా ఉన్న జాన్ డ్రమండ్‌ను కొందరు మెక్‌గ్రెగర్లు చంపి, తల తెచ్చారు. వంశపెద్దతో సహా అందరూ బాల్‌విడర్ చర్చిలో గుమిగూడి, ఆ తల మీద చేతులు పెట్టి, చంపినవాళ్ళను కాపాడతామని ప్రమాణం చేశారు. ఇప్పుడు నిలబడి ఉన్న పాడుగోడలు అప్పటికి లేవు, అంతకు ముందున్న చిన్న చర్చిలో జరిగింది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ కథ చెప్పాలో వద్దో ముందే అనుకుని వెళ్ళండి.

వర్డ్స్‌వర్త్ కవిత్వానికీ ఈ చోటుకూ సంబంధం ఉందా?

రెండు విధాల ఉంది. ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరొథీ 1803 సెప్టెంబరులో ఈ సరస్సు పక్కగా నడిచి స్ట్రాథయర్ వైపు దిగారు. కోతల కాలం. పొలాల్లో అక్కడొకరు ఇక్కడొకరు ఒంటరిగా కోస్తూ కనిపించడం డొరొథీ తన డైరీలో రాసుకుంది. మనలో చాలామంది స్కూల్లో చదువుకున్న "సాలిటరీ రీపర్" పద్యం ఆ ప్రయాణం నుంచి పుట్టినదే, తర్వాత రెండేళ్ళకు రాశాడు. స్నేహితుడొకరి యాత్రా రాతల్లోని ఒక వాక్యం కూడా అందులో కలిసింది. ఆ అమ్మాయి పాట ఏమిటో తెలియక కవి అడుగుతాడు కదా, కారణం తేలిక. ఆమె పాడింది గేలిక్‌లో. ఆయనకు గేలిక్ రాదు.

రెండోది, రాబ్ రాయ్ సమాధి మీద ఆయన ఇంకో పద్యం రాశాడు. అయితే సమాధి లోఖ్ కాట్రిన్ దగ్గర ఉందని పొరబడి రాశాడు.

దయ్యాలతో మాట్లాడిన పాస్టరు ఇక్కడే పనిచేశాడా?

రాబర్ట్ కిర్క్ గురించి ఇలా మొదలుపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. ఆయన ఈ పారిష్‌కు చేసిన పని అంత పెద్దది.

కిర్క్ అంటే స్కాట్స్‌లో చర్చి అనే అర్థం, అదే ఆయన ఇంటిపేరు. 1644లో అబర్‌ఫోయిల్‌లో పాస్టరు ఇంట ఏడో కొడుకుగా పుట్టి, 1664లో ఇరవై ఏళ్ళకే బాల్‌విడర్‌కు పాస్టరుగా వచ్చాడు. 1685 దాకా ఇక్కడే ఉన్నాడు. జనం మాట్లాడేది గేలిక్, చేతికి అచ్చులో దొరికే భక్తి పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లీషువి. కీర్తనల గ్రంథం మొత్తాన్ని పాడుకునేలా గేలిక్ ఛందస్సులో పెట్టి 1684లో అచ్చువేయించాడు. గేలిక్‌లో పూర్తి కీర్తనలు అచ్చయింది అదే మొదలు. అదే సంవత్సరం ఈ చర్చికి గంట కూడా ఇచ్చాడు. పేరు, సంవత్సరం దాని మీద ఉన్నాయి, గంట ఇప్పుడు చర్చి లోపల పెట్టారు. ఆ తర్వాత లండన్ వెళ్ళి, ఐర్లండులో అనువాదమైన బైబిలును కొండప్రాంతాల వాళ్ళు చదువుకోగల లిపిలో 1690లో అచ్చు వేయించే పని దగ్గరుండి చూశాడు. తెలుగులో బైబిలు కోసం మన ఊళ్ళలో పనిచేసినవాళ్ళ చరిత్ర తెలిసినవాళ్ళకు ఇది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

మొదటి భార్య ఇసబెల్ కాంప్‌బెల్ 1680లో చనిపోయింది. ఆమె సమాధి ఈ తోటలోనే ఉంది. రాయి మీది మాటలు కిర్క్ తన చేత్తోనే చెక్కాడని అంటారు.

ఇక దయ్యాల సంగతి. గొర్రెలకాపరులు, ముసలమ్మలు చెప్పే మాటలు, అంటే కొండ లోపల ఉండే కంటికి కనపడని జనం గురించి, కొందరికి ఉండే "రెండో చూపు" గురించి, ఆయన ఓపిగ్గా విని రాసుకున్నాడు. దేవుడి సృష్టిలో అదృశ్యమైనవి కూడా ఉన్నాయని ఒప్పించడం ఆయన ఉద్దేశం. ఆ రాతప్రతి 1815లో గానీ అచ్చు కాలేదు. 1692లో అబర్‌ఫోయిల్ దగ్గర ఒక గుట్ట మీద నడుస్తూ కూలిపోయాడు, ఆ జనమే ఆయన్ని తీసుకుపోయారని కథ పుట్టింది. నా దృష్టిలో ఆయన తన జనం మాటను, వాళ్ళ కీర్తనను, వాళ్ళ భయాన్ని సమానంగా గౌరవించి రాసి పెట్టిన మనిషి. అలాంటి పాస్టర్లు ఎక్కడైనా అరుదే.

ఇక్కడ ఇండియా జాడ ఏదైనా ఉందా?

ఉంది. చర్చి దగ్గర కాదు, పెద్ద రోడ్డు నుంచి ఊరికి వచ్చే దారిలో ఆఖ్టూ దగ్గర మెక్‌గ్రెగర్ వంశపెద్దల సమాధి మందిరం ఉంది. 1774లో పేరు తిరిగి వచ్చాక వంశపెద్దగా ఎవరుండాలన్న ప్రశ్న వచ్చింది. 826 మంది సంతకాలు పెట్టి జాన్ మర్రేను ఎన్నుకున్నారు. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాల్‌లో ఆడిటర్ జనరల్‌గా పనిచేసినవాడు. కొడుకు ఇవాన్ 1818లో ఖాందేశ్‌లోని తాల్నేర్ కోట ముట్టడిలో తీవ్రంగా గాయపడ్డాడు. తమ పేరు, తమ నేల పోగొట్టుకున్నవాళ్ళు తిరిగి నిలదొక్కుకోవడానికి ఆసరా మన నేల మీద నడిచిన కొలువులే. నేను ఆ మందిరం ముందు కారు ఆపిన ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది.

రాళ్ళ మీద పుర్రెలు, ఎముకలు, ఇసుక గడియారాలు ఎందుకు?

భయపెట్టడానికి కాదు. 17, 18 శతాబ్దాల స్కాట్లండులో సమాధి రాళ్ళ మీద సిలువ చెక్కితే కేథలిక్ వాసన అనుకునేవాళ్ళు. దాని బదులు "నువ్వూ పోతావు, సిద్ధంగా ఉండు" అని చెప్పే గుర్తులు వచ్చాయి. ఇసుక గడియారం పక్కకు పడి ఉంటే కాలం అయిపోయిందని. రెక్కలున్న ముఖం పైకి లేచిన ఆత్మ. వృత్తి గుర్తులు కూడా ఉంటాయి: కమ్మరికి సుత్తి, దర్జీకి కత్తెర.

ఇంకొకటి చూడండి. భార్యల పేర్లు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటాయి. స్కాట్లండ్‌లో పాత పద్ధతి అది. వంశాలు వెతికేవాళ్ళకు బంగారం లాంటి సమాచారం.

సమాధుల పండుగకు చేసినట్టు కొవ్వొత్తులు వెలిగించవచ్చా? పువ్వులు పెట్టవచ్చా?

నవంబరు 2న మన ఊళ్ళలో సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు పెట్టే అలవాటు తెలిసినవాళ్ళు తప్పక అడిగే ప్రశ్న ఇది. ఇక్కడి ప్రెస్బిటీరియన్ (స్కాట్లండ్ ప్రొటెస్టెంటు చర్చి) సంప్రదాయంలో ఆ పండుగ లేదు. విడి పువ్వులు నాలుగు గడ్డి మీద ఉంచితే ఎవరూ ఏమీ అనరు. కొవ్వొత్తి మాత్రం వద్దు. మైనం రాతి రంధ్రాల్లోకి దిగితే మళ్ళీ రాదు, వేడికి పలక పొరలు లేస్తాయి. రాబ్ రాయ్ పలక మీద చిల్లర నాణేలు పెట్టి వెళ్ళేవాళ్ళున్నారు. అవి తడికి తుప్పుపట్టి మరకలవుతాయి, దయచేసి వేయకండి. పలకల మీద నడవకండి, కూర్చుని ఫోటోలు దిగకండి. ఇందులో ఇప్పటి కుటుంబాల వాళ్ళ సమాధులు కూడా ఉన్నాయి. మీరున్న సమయానికే ఎవరైనా తమ అమ్మను చూసుకోవడానికి వచ్చి ఉండవచ్చు.

అక్షరాలు అరిగిపోయాయి. సుద్దతోనో కాగితం రుద్దో చదవవచ్చా?

వద్దు. నాచును గీరడం, వైరు బ్రష్షు వాడటం అంతకన్నా పాడు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళండి, లేదా ఫోన్ టార్చిని రాతికి పక్కగా పట్టుకోండి. లేవనుకున్న అక్షరాలు నీడల్లో లేచి వస్తాయి. నేను ఒక పేరు అలాగే చదివాను, అరగంట పట్టింది.

ఈ పారిష్‌లో పుట్టినవారి వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

1855 జనవరి నుంచి జనన మరణాలు ప్రభుత్వమే నమోదు చేస్తుంది. అంతకు ముందువి పారిష్ పుస్తకాల్లో ఉన్నాయి, అవి ఎడిన్‌బరోలోని నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్ దగ్గర భద్రంగా ఉన్నాయి. స్కాట్లండ్స్ పీపుల్ వెబ్‌సైటులో డబ్బు కట్టి చూడవచ్చు. బాప్తిస్మాలు, పెళ్ళి ప్రకటనలు బాగానే దొరుకుతాయి, సమాధుల వివరాలు మాత్రం తక్కువ. నిషేధ కాలంలో ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళ సంతతిని వెతికేటప్పుడు ఒక్క పేరునే పట్టుకుని కూర్చోకండి.

ఈ తోట చర్చివాళ్ళదా?

చాలామంది అలాగే అనుకుంటారు. 1925 చట్టం తర్వాత స్కాట్లండ్ పాత పారిష్‌ల సమాధుల తోటల బాధ్యత స్థానిక ప్రభుత్వాలకు వెళ్ళింది. పడిపోయే రాయి కనిపిస్తే చెప్పాల్సింది కౌన్సిల్‌కు.

ఎలా వెళ్ళాలి? ఎంతసేపు ఉండాలి?

కాలండర్ (Callander) అనే ఊరు దాటి ఏ84 రోడ్డు మీద ఉత్తరంగా వెళ్తే కింగ్స్‌హౌస్ వస్తుంది. అక్కడ పడమరకు తిరిగితే రెండు మైళ్ళు. రోడ్డు ఒక్క కారు పట్టేంతే, ఎదురు బండి వస్తే పక్కన ఆగడానికి వదిలిన చోట ఆగాలి. అక్కడ బండి పార్కు చేయకూడదు. కాలండర్ మీదుగా వెళ్ళే రైలు దారి 1965లోనే మూతపడింది, కాబట్టి కారులో వెళ్ళడమే తేలిక. వేసవిలో సన్నటి దోమల్లాంటి మిడ్జిలు ముఖం మీద ముసురుతాయి, సాయంత్రం వెళ్తే నెట్టు తీసుకెళ్ళండి. ఆదివారం పొద్దున ఆరాధన జరుగుతూ ఉండవచ్చు, అప్పుడు తోటలో ఉండి తర్వాత లోపలికి వెళ్ళండి.

కనీసం రెండు గంటలు పెట్టుకోండి. ముందు చర్చి లోపలికి వెళ్ళి ఆంగస్ రాయి, గంట చూడండి. ఆ తర్వాత పాడుగోడలు, చివరగా రెలింగు.

చుట్టుపక్కల ఇంకేం చూడవచ్చు?

స్ట్రాథయర్‌లో డుగల్డ్ బుఖానన్ స్మారకం ఉంది. 1716లో ఈ పారిష్‌లోనే పుట్టిన గేలిక్ భక్తి కవి. 1767లో అచ్చయిన గేలిక్ కొత్త నిబంధన పనిలో చేయి వేశాడు. ఆయన సమాధి మాత్రం కాలండర్ దగ్గర లిటిల్ లెనీలో ఉంది. లోఖ్ ఎర్న్ ఒడ్డున లోఖ్‌ఎర్న్‌హెడ్‌లో ఎపిస్కోపల్ (బిషప్పులుండే శాఖ) చర్చికి కూడా ఆంగస్ పేరే.

ఓపిక ఉంటే చర్చి వెనక నుంచి అడవిలోకి బాట పట్టి క్రేగ్ అన్ టుయిర్క్ ఎక్కండి. పందికొండ అని అర్థం, మెక్‌లారెన్లు యుద్ధానికి ముందు కూడే చోటు. నిటారుగా ఉంటుంది, వాన పడితే జారుతుంది, మంచి బూట్లు కావాలి. పైనుంచి సరస్సు పొడుగంతా పడమటి కొస దాకా కనిపిస్తుంది. రాబ్ రాయ్ ఇల్లు ఆ కొస అవతల, లోఖ్ డోయిన్ దాటాక. 1735 కొత్త సంవత్సరం రోజున ఆయన శవాన్ని మోసుకొచ్చింది ఆ దూరమంతానూ.